సిలికాన్ మీద నారు

సిలికాన్ మీద జుట్టు మొలిపించడం నా ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో ఈ మాట అంటే మా అత్తగారు కాసేపు నా మొహం చూసి, "బట్టతలకి పనికొస్తుందా?" అని అడిగారు. పనికిరాదండీ అన్నాను. "మరెందుకూ?" అన్నారు. చదువుకున్నవాళ్ళు కూడా అదే అడుగుతారు, కాకపోతే ఇంగ్లీషులో అడుగుతారు.

అద్దంలా మెరిసే సిలికాన్ పలక ఉంటుంది. దాని మీద కంటికి కనపడని పాలిమర్ పోగుల్ని పెంచుతాం. ప్రతి పోగుకీ ఒక కొస పలకను పట్టుకుని ఉంటుంది, రెండో కొస పైకి లేచి ఉంటుంది. ఒత్తుగా పెరిగితే బ్రష్ కుచ్చుల్లా నిలబడతాయి కాబట్టి వాటికి పాలిమర్ బ్రష్ అని పేరు. కంప్యూటర్ చిప్పుల కోసం సన్నటి గీతలు చెక్కేటప్పుడు బ్రష్ ఉన్న చోటు బతుకుతుంది, లేని చోటును ప్లాస్మా, అంటే కరెంటుతో రగిలించిన వాయువు, కొరుక్కు తినేస్తుంది. ఏది బతకాలో, ఏది పోవాలో ముందే గీసిపెట్టడం మా పని.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఒంటరి పోగు నిలబడదు, ముద్దగా చుట్టుకుని పలక మీద పడిపోతుంది. చుట్టూ ఉన్నవి చోటివ్వకుండా తోస్తుంటేనే నిటారుగా లేస్తుంది. ఆ నిలబడటంలో గొప్పేమీ లేదు, అంతా తోపులాటే. పొద్దున్నపూట ఈ సింగపూర్‌లో, మేముండే సెంగ్‌కాంగ్ నుంచి వచ్చే రైల్లో నేను నిలబడేదీ అలాగే.

మా ల్యాబులో తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను తెనాలి పక్కదాన్ని. ఆమె కరీంనగర్ వైపు మనిషి, నాకంటే వయసులో పెద్దది, నాకంటే ముందు చేరింది. మొదటి రోజే "అక్కా అను. మేడం గీడం అనకు" అంది. మా పనికి తెలుగులో పేర్లు పెట్టింది కూడా ఆమే. పలక మీద విత్తనం లాంటి మందు పట్టించి, అక్కడికక్కడే పోగుల్ని మొలిపిస్తే అది నారు పోసుడు. వేరేచోట పెంచిన పోగుల్ని తెచ్చి పలకకు అతికిస్తే అవి నాట్లు. నాట్లు ఒత్తుగా రావు, ముందు నాటుకున్నవి వెనక వచ్చేవాటిని దగ్గరికి రానివ్వవు. ఒత్తుగా కావాలంటే నారే పోయాలి. మా బాస్ సింగపూర్ చైనీస్ ఆవిడ. మేమిద్దరం మీటింగులో "నారు, నారు" అనుకుంటుంటే అదేదో కొత్త రసాయనం అనుకుని ఒకసారి స్పెల్లింగ్ అడిగింది.

కలిసి నవ్వుకున్న రోజులకంటే కొట్లాడుకున్న రోజులే ఎక్కువ. నాకు ముక్కుమీద కోపం. ఆమెకు కోపం ఎక్కడ ఉండదో చెప్పడం కష్టం. నేను రోజుల తరబడి పెంచిన బ్రష్‌ను ఆమె ఒకసారి తప్పుడు ద్రావకంలో ముంచి పాడుచేస్తే, ఆ ట్రే ఎత్తి నేలకేసి కొట్టాను. సిలికాన్ పగిలితే కత్తితో కోసినట్టు పగులుతుంది, ముక్కలు చెప్పుల్లోకి కూడా దూరాయి. ఆమె వంగి ఆ ముక్కలన్నీ ఏరి, ఒక్కొక్కటే గురిచూసి చెత్తడబ్బాలోకి విసిరింది, ముక్కకో తిట్టు చొప్పున. మా వృత్తే జుట్టు మొలిపించడం, ఇక మేము జుట్టూ జుట్టూ పట్టుకోకుండా ఎలా ఉంటాం అని ల్యాబులో అందరికీ నేనే చెప్పేదాన్ని.

ఆమె మాటను నేను వెక్కిరించేదాన్ని. "నువ్వు మాట్లాడుతుంటే టీవీల సీరియల్ సూసినట్టుంటదే" అని నన్ను ఆమె వెక్కిరించేది. సాయంత్రం టోవా పాయోలో తన అద్దె ఇంటికి బయల్దేరుతూ రోజూ "పొయ్యొస్త" అనేది. మొదట్లో "ఏం పోసొస్తావక్కా, నీళ్ళా, పాలా?" అనేదాన్ని. తర్వాత్తర్వాత చెవి అలవాటు పడింది. ఆమె నోట్లో పొయ్యొస్త అంటే వెళ్ళొస్తాను అని, ఆలోచించకుండానే అర్థమైపోయేది.

నారు పోయాలంటే ముందు పలక మీద ఏమీ మిగలకుండా చంపాలి. వేలిముద్ర జిడ్డు ఉన్నా పోగులు వేళ్ళూనవు. దానికోసం గాఢమైన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతాం. ఆ కషాయానికి పిరాన్హా అని పేరు, మాంసం పీక్కుతినే చేప పేరే. కలపగానే నిప్పు లేకుండా తనంతట తానే కాగి బుసకొడుతుంది. నూనె, కాగితం, చర్మం, దేన్నయినా బొగ్గు చేసి, ఆ బొగ్గును కూడా తినేస్తుంది. అసిటోన్‌ను మాత్రం దాని దగ్గరికి రానివ్వకూడదు. గోళ్ళరంగు తుడుచుకునే మందే అసిటోన్. ఆ రెండూ కలిస్తే పేలుతుంది. అందుకని ఆసిడ్‌కి ఒక హుడ్, అసిటోన్‌కి ఇంకో హుడ్. హుడ్ అంటే ముందు గాజు తలుపు ఉండి, పొగల్ని లాగేసే పెద్ద గూడు. ఇంకో నియమం కూడా ఉంది. వేడి పిరాన్హాను వదిలిపెట్టి మనిషి పక్కకు వెళ్ళకూడదు.

ఆ రోజు అసిటోన్ హుడ్ గాలి లాగడం మానేసింది. మరమ్మతు వాళ్ళు మధ్యాహ్నం వస్తామన్నారు. అక్కకి అంతసేపు ఆగే ఓపిక ఎక్కడిది? తన పలకల్ని ఆసిడ్ హుడ్‌లోనే ఓ మూల అసిటోన్‌తో కడుక్కుంది. అడుగున కాస్త అసిటోన్ మిగిలిన బీకర్‌ను అక్కడే వదిలి, చీటీ అయినా అంటించకుండా, పలకలు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళింది. అది ఆమె తప్పు. అందులో నాకు ఈరోజుకీ అనుమానం లేదు.

నేను వచ్చేసరికి హుడ్‌లో ఆ బీకర్ ఉంది, అడుగున నీళ్ళలాంటిది ఉంది. నీళ్ళే అనుకున్నాను. మూతికి మాస్కు, మొహానికి అడ్డం ప్లాస్టిక్ షీల్డు, వాసన ఎలా తెలుస్తుంది? ఇంకో గాజుగిన్నెలో పిరాన్హా కలిపి నా పలకలు కడుక్కున్నాను. మిగిలింది ఏదైనా బీకర్‌లోకి ఒంపి చల్లారబెట్టాలి. పక్కనున్న దాని మీద చెయ్యి వేశాను. ఎవరిదో ఏమో, ఎందుకొచ్చిన గొడవ, స్టోర్లోంచి కొత్తది తెచ్చుకుందామనుకున్నాను. అటు అడుగు వెయ్యబోతుంటే తలుపు దగ్గర్నుంచి అక్క అరిచింది.

"పొయ్యొద్దు!"

ఫ్యాన్ల హోరులో, మాస్కు చాటు నుంచి వచ్చిన ఆ అరుపు నా చెవికి "వెళ్ళొద్దు" అని చేరింది. పొయ్యొస్త అంటే వెళ్ళొస్తానే కదా, పొయ్యొద్దంటే వెళ్ళొద్దు. వేడి పిరాన్హాను వదిలి వెళ్ళకూడదని నాకు పాఠం చెబుతోంది, అదీ అందరి ముందూ అరిచి. నాకు తెలియదా ఆ సంగతి? ఒళ్ళు మండిపోయింది. వెళ్ళట్లేదులే తల్లీ, ఇదిగో ఇక్కడే చస్తాను చూడు, అనుకున్నాను. గిర్రున తిరిగి, గిన్నె ఎత్తి, పక్కనున్న ఆ బీకర్‌లోకే ఒంపాను.

ఒంపడం మొదలైందో లేదో అక్కడ బీకర్ లేదు. చప్పుడు చెవులతో వినలేదు, పళ్ళతో విన్నాను. హుడ్ గాజు తలుపు అంతా ఒక్కసారి తెల్లబడి ముక్కలై రాలింది. నా షీల్డు ఎగిరి నుదుటి మీదికి పోయింది. మెడ మీద తడి తగిలింది. కాలడం మొదట తెలియలేదు, తడి ఒక్కటే తెలిసింది. ఆ తర్వాత ఎవరో మెడలోంచి నరాలు పట్టి లాగుతున్నట్టయింది. అరుస్తున్నది నేనేనని తెలియడానికి కాస్త టైము పట్టింది.

అక్క చేతులకు గ్లవ్స్ లేవు. అలాగే వచ్చి నా టోపీని జుట్టుతో సహా పిడికిట పట్టుకుని ఈడ్చింది. కళ్ళు మూసుకుపోయి ఎవరో ఏమిటో తెలియక నేను తన్నాను, గట్టిగానే తగిలింది. ఆమె వదల్లేదు. ప్రమాదాల కోసం ల్యాబులోనే పెట్టిన షవర్ కిందికి నెట్టి గొలుసు లాగింది. నీళ్ళు బాదినట్టు మీద పడ్డాయి. ఏప్రాన్ తెంపేసింది. కోటు గుండీలు ఊడి నేల మీద దొర్లాయి. లోపలి కుర్తాను మెడ దగ్గర పట్టుకుని నడుం దాకా చింపేసింది. ల్యాబంతా నిలబడి చూస్తోంది. నేను చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీద ఫట్ ఫట్ మని కొట్టింది.

"సిగ్గు ఎనుకకు పడుదువు గాని, చెయ్యి తియ్యే! చెయ్యి తియ్యి!"

అంబులెన్స్ వాళ్ళు వచ్చేదాకా నన్ను ఆ నీళ్ళ కింద నుంచి కదలనివ్వలేదు. కదిలినప్పుడల్లా భుజాల మీద గుద్ది గోడకు నొక్కిపెట్టింది.

చెవి కింద నుంచి కాలరెముక దాకా ఎడమవైపంతా కాలింది. కళ్ళు దక్కాయి. ఆమె రెండు అరచేతులూ కాలాయి, నా బట్టలు చింపినందుకు. ఆసుపత్రిలో నర్సు "మీ ఫ్రెండ్ మిమ్మల్ని కాపాడింది" అంటే నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నేను కాలిన మెడ గురించి ఆలోచించలేదు. నాలుగు దిక్కులా నిలబడ్డ మగవాళ్ళ కళ్ళ గురించి ఆలోచించాను. పేలేది వదిలి వెళ్ళింది ఆమె, నన్ను వెళ్ళనివ్వకుండా ఆపింది ఆమె, నలుగురిలో బట్టలూడదీసింది ఆమె. కాపాడిన మనిషిని అసహ్యించుకోవడం కష్టమని అంటారు గానీ, నాకేమీ కష్టం కాలేదు.

కట్టుతోనే విచారణకు వెళ్ళాను. మా బాస్, సేఫ్టీ ఆఫీసరు కూర్చున్నారు. ఆఫీసరు ఇక్కడే పుట్టి పెరిగిన తమిళాయన, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' అని తోక తగిలిస్తాడు. అక్క నా ఎదురుగా కూర్చుంది, రెండు చేతులకూ తెల్లటి కట్లు. మాటలన్నీ ఇంగ్లీషులోనే.

"బీకర్ నాదే" అంది అక్క. "తప్పు నాదే. కానీ దాని మీద ఈమె చెయ్యి చూసిన వెంటనే, ఒంపొద్దని అరిచాను."

"అబద్ధం" అన్నాను నేను. "వెళ్ళొద్దని అరిచింది. నేను కొత్త బీకర్ తెచ్చుకోవడానికి వెళ్తున్నాను. ఈమె ఆపకపోతే ఆ బీకర్‌ను ముట్టుకునేదాన్నే కాదు."

అసలు ఏ మాట అరిచావో అదే చెప్పమన్నాడు ఆఫీసరు. అక్క చెప్పింది. ఆయన వెంటనే తల ఊపాడు. "పో మీన్స్ గో, లా. తమిళంలో కూడా అంతే. పో అంటే వెళ్ళు." అక్క కాదని చెప్పబోయింది. కోపం వస్తే ఆమెకు ఇంగ్లీషు ముందు పోతుంది. "గట్ల కాదు సర్, నో సర్, పొయ్యుడు ఈజ్ నాట్ పోవుడు" అంటూ కట్లు కట్టిన చేతులతో గాల్లో ఏదో ఒంపి చూపించింది. వాళ్ళిద్దరికీ అది పోవడమో పోయడమో ఏమీ తెలియలేదు. నాకు మాత్రం దొరికిపోయిన మనిషి తడబాటులా కనపడింది.

బాస్ చెడ్డది కాదు. విషయం సూటిగా చెప్పింది. బీకర్ వదిలేసినందుకు అక్కకి ఎలాగూ హెచ్చరిక లేఖ తప్పదు. ఆపైన ఆమె అరిచి హెచ్చరించిందా, లేక పేలేదాని ముందు మనిషిని నిలబెట్టిందా అన్నది తేలాలి. మొదటిదైతే ఉద్యోగం ఉంటుంది. రెండోదైతే ఉద్యోగంతో పాటు ఇక్కడ పనిచేసే అనుమతి, అదే పాస్, రద్దవుతుంది. పాస్ రద్దయితే ఈ దేశంలో ఉండటానికి లేదు. అక్క భర్తతో తెగతెంపులు చేసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల ఇక్కడ సెకండరీ చివరి పరీక్షలకు చదువుతోంది. వెనక్కి వెళ్తే పిల్లను తండ్రి దగ్గర పెట్టాలి, ఆ తండ్రి ఎలాంటివాడో ఒకసారి లంచ్ టైములో తన వీపు మీది మచ్చ చూపించి నాకు చెప్పింది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, విన్నది విన్నట్టు చెప్పాను. సోమవారం మళ్ళీ కూర్చుందాం అంది బాస్.

శనివారం మధ్యాహ్నం అక్క మా ఇంటికి వచ్చింది. మా ఆయన జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టులో ఉన్నాడు. బయట ఒకటే ఉరుములు, ఎదుటి బ్లాకు కనపడనంత వాన. తలుపు తీస్తే తడిసి ముద్దయి నిలబడి ఉంది, కట్ల మీద ప్లాస్టిక్ సంచులు కట్టుకుని. మొహం మీదే తలుపు వేసేద్దామనుకున్నాను. కానీ ఇంటికొచ్చిన మనిషికి టీ చుక్క ఇవ్వకుండా పంపడం మా అమ్మ నాకు నేర్పలేదు. పళ్ళు నూరుకుంటూనే లోపలికి రమ్మని, స్టవ్ మీద టీ గిన్నె పెట్టాను. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఒక్కమాట చెప్పు చెల్లే. సరిగ్గ ఇనలేదేమో అని చెప్పు. గంతే."

"సరిగ్గానే విన్నాను."

"నా బిడ్డ మీద ఒట్టు, నేను అబద్ధం ఆడుత లేను."

"ఉద్యోగం కోసం కన్నకూతురి మీద ఒట్టేస్తున్నావా? సిగ్గులేదూ?"

"ఎవరికే సిగ్గులేంది? చేతులు కాల్చుకున్న నీకోసం."

"కాల్చుకోమని నేనడిగానా? నలుగురిలో నా బట్టలు చింపమని అడిగానా?"

"చింపకుంటే సచ్చిపోతుంటివి!"

"చస్తే చచ్చేదాన్ని! నీలాంటి దాని చేతిలో బతకడం కంటే అదే నయం. నీ మొగుడు నిన్ను ఊరికే కొట్టలేదు."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఎక్కడ తగులుతుందో చూసుకుని, గురిపెట్టి అన్నాను.

ఆమె కొట్టింది. కట్టు కట్టిన చేత్తోనే, నా ఎడమ చెంప మీద, కాలిన మెడకు తగిలేలా. కళ్ళ ముందు తెల్లగా అయిపోయింది. నేను ఆమె జుట్టు దొరకబుచ్చుకుని వంచాను. ఆమె మోచేత్తో నా డొక్కలో పొడిచింది. ఇద్దరం ఫ్రిజ్‌కి గుద్దుకున్నాం, దాని మీది డబ్బాలు కింద పడి కందిపప్పు గదంతా చిందింది. దాని మీద కాలు జారి ఆమె వెల్లకిలా పడింది. లేవడానికి చేతులు ఆనించలేక అలాగే ఉండిపోయింది. ఆగాల్సింది అక్కడే. నాకు ఆగాలనిపించలేదు. స్టవ్ మీద టీ పొంగుతోంది. పట్టకారు అందుకుని గిన్నె పట్టుకుని ఎత్తాను. ఆమె మీదికి వచ్చి నిలబడ్డాను.

నిజంగా పోసేదానివా అని తర్వాత నన్ను నేను చాలాసార్లు అడిగాను. పోసేదాన్నే. గిన్నె అప్పటికే వంగింది.

"పొయ్యొద్దు!"

అదే గొంతు. అదే చీలిన అరుపు, చివర్లో అదే విరుపు. ఫ్యాన్ల హోరు లేదు, మాస్కు లేదు. కాళ్ళ దగ్గర పడి ఉన్న మనిషి నన్ను వెళ్ళొద్దని ఎందుకంటుంది? నా చేతిలో కాగుతున్న గిన్నె ఉంది. ఆమె చూపు ఆ గిన్నె అంచు మీద ఉంది.

గిన్నె ఇవతలికి లాక్కోవడంలో కొంత టీ నా పాదం మీదే పడింది. గిన్నె అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఏమన్నావ్?"

"పొయ్యొద్దంటున్న! మీద పొయ్యొద్దే, నీ కాళ్ళు మొక్కుత!"

"వెళ్ళొద్దు అనాలంటే ఏమంటావ్?"

"ఏందే?"

"చెప్పు! నేను బయటికి వెళ్తుంటే ఆపాలంటే ఏమంటావ్?"

"పోకు అంట. ఏందే నీ పిచ్చి? ముందుగాల గా గిన్నె దించు."

పోకు. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు విన్నానో ఆ మాట. "అప్పుడే పోకు, పని కాలేదు." "వానల పోకు, తడుస్తవ్." ఆమె ఏనాడూ నన్ను పొయ్యొద్దని ఆపలేదు. రోజంతా నారు పోసుడు గురించి ఆ నోటితోనే మాట్లాడుతుంటే విన్నదాన్ని, పొయ్యొస్త అంటే ఏం పోస్తావని ఎగతాళి చేసినదాన్ని, ఆ ఒక్క క్షణం మాత్రం అవతలి భాష నాకు బాగా వచ్చేసిందనుకున్నాను. కొత్త బీకర్ కోసం వెళ్ళబోయిన నన్ను ఆ హెచ్చరికే వెనక్కి తిప్పింది. ఆమె చెప్పిందీ నిజమే, నేను విన్నదీ నిజమే. నా మెడ కాలింది మాత్రం ఆ రెండింటి మధ్య.

గిన్నె సింకులో పెట్టి నీళ్ళు తిప్పాను. కందిపప్పు మీదే కూలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను ఏం విన్నానో, ఎందుకు ఒంపానో. ఆమె పడుకునే విన్నది. మధ్యలో ఒకసారి నవ్వబోయి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, చెంప మండుతోంది, పాదం మండుతోంది, ఆమె మీద కోపం కూడా ఇంకా పూర్తిగా పోలేదు. చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెట్టాను. కట్ల మీద రక్తం కనపడితే కొత్త గుడ్డ చుట్టాను. వాన తగ్గాక ఆమె చెప్పులు వేసుకుని, అలవాటుగా, "పొయ్యొస్త" అంది. అన్నాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. లిఫ్ట్ వచ్చేదాకా ఆమె అటు తిరిగి నిలబడింది.

సోమవారం నేనే ముందు మొదలుపెట్టాను. పొయ్యొద్దు అంటే ఒంపొద్దు అనీ, వెళ్ళొద్దు అనడానికి ఆమె పోకు అంటుందనీ, మాది వేరే జిల్లా మాట కాబట్టి నా చెవి తప్పు దారి పట్టిందనీ చెప్పాను. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీరిద్దరూ బయట మాట్లాడుకున్నారు, అవునా?"

"అవును."

"ఆ రోజు అబద్ధం అన్నావు. అంత గట్టిగా చెప్పావు. ఇవాళ మాట మార్చావు. మధ్యలో ఏమైంది? నీకు ఎలా తెలిసింది, లా?"

బాస్ కూడా నా వైపే చూస్తోంది. ఎలా తెలిసిందో చెప్పాలంటే గిన్నె సంగతి చెప్పాలి. కింద పడి లేవలేని మనిషి మీద కాగే టీ ఎత్తిన సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళో చెయ్యి చేసుకుంటేనే పోలీసుల దాకా వెళ్తుంది, ఇక నా పాస్ మాట అడగక్కర్లేదు. చెప్పకపోతే ఇద్దరం కూడబలుక్కుని వచ్చామని తేలుతుంది, అక్కా ఆమె కూతురూ పెట్టె సర్దుకోవాలి. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని నా నమ్మకం. కానీ మాట బయటికి రావడానికి చాలా టైము పట్టేలా ఉంది, ఆఫీసరు పెన్ను కూడా కింద పెట్టేశాడు.

అక్క ముందుకు వంగింది. కట్లు కట్టిన రెండు చేతులూ టేబుల్ మీద పెట్టింది. ఆ రోజు ఆమె ఇంగ్లీషు ఎక్కడా తడబడలేదు.

"నేను వాళ్ళింటికి వెళ్ళాను సర్. ఈ పిల్ల నాకు టీ పోస్తోంది. నాకు షుగర్ ఉంది, టీ తాగకూడదు. అలవాటుగా పొయ్యొద్దు అన్నాను. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడు తెలిసింది ఈమెకి."

ఆమెకు షుగరూ లేదు, ఏమీ లేదు. రోజుకి నాలుగు టీలు తాగుతుంది.

ఆఫీసరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "పొయ్యొద్దు" అని తనలో తాను ఒకసారి పలికి చూసుకున్నాడు. బాస్ నన్నడిగింది. "అంతేనా? టీ పోస్తుంటే తెలిసిందా?"

నన్ను చిన్నప్పుడు మా నాన్న బెల్టుతో కొట్టాడు. ఆసిడ్ కాల్చింది. రెండు రోజుల కిందట ఈమే చెంప పగలగొట్టింది. వాటిలో ఒక్కటి కూడా ఇంత గట్టిగా తగల్లేదు. ఈమె నిజం చెప్పినన్నాళ్ళూ అబద్ధాలకోరు అన్నాను. ఇప్పుడు నిజంగా అబద్ధం ఆడింది, అది నాకోసం ఆడింది, ఆడి నా వైపు చూడను కూడా చూడలేదు.

"అవును మేడం" అన్నాను. "టీ పోస్తుంటేనే."

ఇద్దరికీ హెచ్చరిక లేఖలు ఇస్తామన్నారు, ఇకమీదట ల్యాబులో ఇంగ్లీషు తప్ప ఇంకో భాష మాట్లాడకూడదన్నారు. అక్క "ఓకే సర్" అంది. నేను కూడా అనబోయి, చేత్తో మెడ మీది కట్టు పట్టుకున్నాను. కాలిన మెడ నొప్పెడుతోందనుకుని బాస్ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది.